ఒక ఇంట్లో రెండు వంటలెందుకు?

ఖమ్మం నుంచి ఒక పాఠకురాలు వివరంగా ఉత్తరం రాశారు. వయసు 39. ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ పని. ఎత్తు 156 సెంటీమీటర్లు, బరువు 71 కిలోలు, నడుము చుట్టుకొలత 94 సెంటీమీటర్లు. రెండో కాన్పుకు ముందు షుగరు వచ్చింది, పురుడయ్యాక పోయింది. ఆరు నెలల కిందట పరీక్ష చేయిస్తే పరగడుపు షుగరు 112, హెచ్‌బీఏ1సీ (గత మూడు నెలల సగటు షుగరు చెప్పే పరీక్ష) 6.1 వచ్చాయి. డాక్టరు మందులేమీ రాయకుండా, తిండి, నడక చూసుకోమని చెప్పి పంపారు.

అప్పటినుంచి ఆమె తెల్లవారుజామున నాలుగున్నరకు లేస్తున్నారు. ఒక పొయ్యి మీద ఇంటివాళ్లకు అన్నం, పప్పు, వేపుడు. ఇంకో పొయ్యి మీద తనకు జొన్న రొట్టె, నూనె వేయని కూర. పొద్దున్నే బెల్లం వేసిన రాగి జావ, ఒంటిగంటకు డబ్బా. ఆ తర్వాత సాయంత్రం ఆరున్నరకు ఇల్లు చేరేదాకా ఏమీ తినరు. రాగానే టీ, దానితో చెక్కలో మిక్చరో. భర్త కొట్టు కట్టేసి వచ్చేది తొమ్మిదిన్నరకు. ఆయనతో కలిసి తినేసరికి పది, పడుకునేసరికి పదకొండున్నర. జిమ్ముకు మూడు నెలలకు డబ్బు కట్టి మూడు వారాలే వెళ్లారు. రెండు కిలోలు తగ్గి మళ్లీ పెరిగారు. "నా చేతి వంట నీకు విషమైందా" అని అత్తమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. "ఒక్క పూటకు ఏమైతది" అంటారు భర్త. 14 ఏళ్ల కూతురు నెల రోజులుగా రాత్రి అన్నం మానేసి, తనదీ డైటింగే అంటోంది. తొమ్మిదేళ్ల కొడుక్కి వేపుడు లేకపోతే ముద్ద దిగదు. ఆదివారం అందరూ బిర్యానీ తింటుంటే ఆమె పక్కన కూర్చుని కీరా ముక్కలు తింటారు. ఇంటికి నెలకు ఏడు లీటర్ల నూనె అవుతుందనీ రాశారు. చివర్లో అడిగింది ఇది: "నా ఆరోగ్యం చూసుకుంటే ఇల్లు చెడుతోంది, ఇల్లు చూసుకుంటే ఆరోగ్యం చెడుతోంది. దేన్ని వదలాలి?"

అమ్మా, ఐదు గంటల నిద్రతో ఆరు నెలలు రెండు వంటలు వండారు మీరు. మీకు పట్టుదల తక్కువని ఎవరన్నా నమ్మకండి, మీరు అసలే అనుకోకండి. వదలాల్సింది ఆ రెండో వంటను. ఎందుకో చెబుతాను. ముందు మీ రిపోర్టు సంగతి.

హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగరు వచ్చే ముందు దశ అంటారు. 6.5, ఆపైన అయితే షుగరు వ్యాధి. మీరు మధ్యలో ఉన్నారు. కాన్పు సమయంలో ఒకసారి వచ్చిపోయింది కాబట్టి మిగతావాళ్ల కంటే మీకు ముప్పు ఎక్కువ. అయినా ఈ దశలో దారి మళ్లించవచ్చని గట్టి ఆధారాలున్నాయి. అమెరికాలో ఇలాంటివాళ్ల మీద చేసి 2002లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో, బరువు 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడవడం లక్ష్యంగా పెట్టుకున్నవాళ్లలో షుగరు రావడం 58 శాతం తగ్గింది. 2006లో చెన్నై పరిశోధకులు మనవాళ్ల మీదే చేసిన అధ్యయనం వెలువడింది. తిండి, నడక మార్చుకున్నవాళ్లలో ముప్పు 28 శాతం పైగా తగ్గింది. వాళ్ల బరువు పెద్దగా తగ్గకుండానే ఆ మేలు జరిగింది. తగ్గిన బరువు మళ్లీ పెరిగినా, మీరు కష్టపడిన వారాల్లో లోపల పని జరుగుతూ ఉండి ఉండవచ్చు.

ఇక రెండో వంట. మీ ముందు మూడు దారులున్నాయి.

ఒకటి, ఇప్పటిలాగే మీకు వేరుగా వండుకోవడం. ఏం తింటున్నారో పూర్తిగా మీ చేతిలో ఉంటుంది. కానీ దానికి రోజుకు గంట సమయం కావాలి, ఆ గంట మీ నిద్రలోంచి పోతోంది. నిద్ర తగ్గితే ఆకలి పెరుగుతుంది, తీపి మీదికీ నూనె సరుకుల మీదికీ మనసు పోతుంది, శరీరంలో ఇన్సులిన్ పనితీరు కూడా మందగిస్తుంది. తెల్లవారుజామున కాపాడుకున్నదంతా సాయంత్రం చెక్కల డబ్బా దగ్గర పోతోంది. పైగా అది రోగి వంటలా కనిపించి అత్తమ్మకు అవమానంగా, కూతురికి ఆదర్శంగా తోస్తోంది. రెండో దారి, అందరి వంటనే మార్చడం. మొదటి నెల రోజులు రుచి మీద మాటలు పడాలి, కూరగాయల ఖర్చు కొంత పెరుగుతుంది. ఆ తర్వాత మీకు వేరే పని ఉండదు, పైగా ఆ మార్పు ఇంటివాళ్లందరికీ అవసరమైనదే. మూడోది, వంట మార్చకుండా మీ పళ్లెంలో పెట్టుకునే తీరు మార్చడం. ఎవరితో గొడవ లేకుండా ఈ రాత్రి నుంచే మొదలుపెట్టవచ్చు. కూర నూనెలో తేలుతున్నంతకాలం ఫలితం మాత్రం సగమే.

నా సలహా, మూడోది వెంటనే మొదలుపెట్టి, రెండోదాన్ని నెమ్మదిగా తీసుకురండి.

పళ్లెం సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన భోజనంలో అన్నం పెరిగేది వడ్డన తీరు వల్ల. పప్పుతో కొంత, కూరతో కొంత, చారుతో కొంత, పెరుగుతో కొంత. ప్రతిదానికీ కొత్తగా అన్నం పెట్టుకుంటాం. ఏ ఒక్కసారీ ఎక్కువ అనిపించదు, నాలుగూ కలిస్తే అరకిలో అన్నం దాటుతుంది. మీరు అన్నం ఒకేసారి పెట్టుకోండి. పూటకు 60 గ్రాముల బియ్యం ఉడికితే 150 నుంచి 180 గ్రాముల అన్నం అవుతుంది. మొదటి వారం కిచెన్ తూకం మీద తూచి, అది మీ ఇంట్లో ఏ గిన్నెకు సరిపోతుందో చూసుకోండి. తర్వాత ఆ గిన్నే కొలత. ముందుగా ఒక కప్పు కూర, అరకప్పు ముద్దపప్పు వట్టిగా తినండి. ఆ తర్వాత మిగిలిన కూర, పప్పుతో అన్నం కలుపుకోండి. కూర, పప్పు ముందు లోపలికి వెళ్తే, అదే అన్నం తిన్నా రక్తంలో చక్కెర అంత వేగంగా ఎగబాకదు. చారు గ్లాసులో తాగండి. పెరుగు కప్పులో వేసుకుని కీరా ముక్కలో ఉల్లిపాయ ముక్కలో కలుపుకుని చివర్లో తినండి. పెరుగన్నం లేకపోతే భోజనం ముగిసినట్టు అనిపించదంటే, పెట్టుకున్న అన్నంలోనే రెండు ముద్దలు దానికి దాచుకోండి.

జొన్న రొట్టె ఇష్టమైతే తినండి. అది మందు అనుకుని మాత్రం తినకండి. 35 గ్రాముల జొన్నపిండి రొట్టెలో ఉండే పిండిపదార్థం దాదాపు అంతే బియ్యంలో ఉండేంత. పీచు కాస్త ఎక్కువ, అదే మేలు. మూడు రొట్టెలు తింటే లెక్క అన్నానికే వస్తుంది. కొర్రలు, అండుకొర్రల సంగతీ ఇంతే. రాగి జావ మాత్రం మానేయండి. మెత్తటి పిండిని నీళ్లలో ఉడికించి తాగితే చక్కెర త్వరగా పెరుగుతుంది, అందులో బెల్లం వేస్తే చెప్పనక్కర్లేదు. రక్తంలో చేరాక బెల్లానికీ పంచదారకూ తేడా లేదు. దానికి బదులు పిల్లలకు చేసే టిఫినే తినండి: రెండు పెసరట్లు అల్లం పచ్చడితో, లేదా మూడు చిన్న ఇడ్లీలు కూరగాయల సాంబారుతో. ఒక గుడ్డు చేర్చుకుంటే ఒంటిగంట దాకా నిలుస్తుంది.

ఇప్పుడు అందరి వంట. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో, రోజుకు 2000 కిలోకేలరీలు తినే మనిషికి నూనె, కొవ్వులు కలిపి 27 గ్రాములు, కూరగాయలూ ఆకుకూరలూ 400 గ్రాములు, పప్పులూ గుడ్డూ మాంసం కలిపి 85 గ్రాములు, బియ్యం, గోధుమల వంటి ధాన్యాలు 250 గ్రాములు అని చెప్పారు. మీరు కూర్చుని చేసే ఉద్యోగం, బరువు కూడా తగ్గాలి కాబట్టి మీకు ధాన్యం 150, 170 గ్రాములు చాలు. ఏడు లీటర్ల నూనెను ఐదుగురికి, ముప్ఫై రోజులకు పంచితే మనిషికి రోజుకు 42 గ్రాములు. ఒక్కసారిగా 27కు దించితే ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. మొదటి నెల ఐదున్నర లీటర్లు, మూడో నెలకు నాలుగున్నర. ఒకటో తారీఖున ఆ నెల నూనె వేరే డబ్బాలో పోసి పెట్టండి. పొయ్యి దగ్గర చెంచాలు లెక్కపెట్టే పని అత్తమ్మకు పెట్టకండి, డబ్బా ఎంత మిగిలిందో ఆమెకే కనిపిస్తుంది.

ఎక్కువ నూనె పోయేది వేపుళ్లకే. మీ అబ్బాయి కోసం వేపుడు మానక్కర్లేదు, పద్ధతి మారిస్తే చాలు. దొండకాయలు సన్నగా తరిగి, ఉప్పు చల్లి, రెండు చెంచాల నీళ్లతో మూతపెట్టి ఏడెనిమిది నిమిషాలు సన్నని సెగ మీద మగ్గనివ్వండి. మూత తీసి తడి ఆరాక, అరకిలోకు రెండు పెద్ద చెంచాల నూనె వేసి ఇనుప మూకుడులో ఎర్రగా వేయించండి. పచ్చి ముక్కలనే నూనెలో వేస్తే అవి ఉడికేదాకా నూనె పీలుస్తూనే ఉంటాయి. బెండకాయకు ఇది పనికిరాదు. కడిగి, గుడ్డతో పూర్తిగా తుడిచి, తరిగి, మూత పెట్టకుండా వేయించాలి. ఉప్పు చివర్లో వేయాలి, ముందే వేస్తే జిగురు వచ్చి మళ్లీ నూనె పోయాల్సి వస్తుంది. కూర పరిమాణం కూడా చూడండి. పూటకు అరకిలో బెండకాయలు ఐదుగురికి వండితే తలా వంద గ్రాములే, వేగాక ఇంకా తగ్గుతుంది. అలాంటప్పుడు కడుపు నింపాల్సింది అన్నమే. సొర, బీర, పొట్ల, దోస, తోటకూర వంటి ధర తక్కువవి చూసి పూటకు కిలో దాకా తీసుకెళ్లండి. పప్పు ఐదుగురికి పూటకు 175 గ్రాములు వేయండి, నీళ్లు తగ్గించి ముద్దగా వండండి. పలుచటి పప్పు కలుపుకోవడానికి ఎక్కువ అన్నం కావాల్సి వస్తుంది.

మీ రోజులో అన్నింటికంటే బలహీనమైన ఘడియ సాయంత్రం ఆరున్నర. ఒంటిగంటకు తిని అయిదున్నర గంటలు ఖాళీ కడుపుతో ఉన్న మనిషి ముందు చెక్కల డబ్బా పెడితే ఎవరూ ఆగలేరు. దాన్ని నాలుగున్నరకే సరిచేయాలి. ఆఫీసు సొరుగులో వేయించిన శనగలు పెట్టుకుని ఒక గుప్పెడు తినండి, లేదా ఒక జామకాయ. ఇంటికి వచ్చాక అందరికీ గుగ్గిళ్లు. నల్ల శనగలు 200 గ్రాములు ఉదయం ఏడింటికి నానబెడితే సాయంత్రానికి సిద్ధం. కుక్కర్లో అయిదారు విజిల్స్, ఒక చెంచా నూనెతో పోపు, ఉల్లిపాయ, నిమ్మరసం. మనిషికి 40 గ్రాముల శనగలు, అందులో ఎనిమిది గ్రాముల దాకా మాంసకృత్తులు. చెక్కలు, మిక్చరు ఇంట్లో ఉండకూడదని కాదు. పై అరలో, మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఉంచండి. ఎవరైనా వస్తే తీస్తారు.

రాత్రి భోజనం వేళే మీకు కష్టమైన నిర్ణయం. ముప్పావు ఎనిమిదికి పిల్లలు, అత్తమ్మతో తినేస్తే ఒంటికి మంచిది. భర్త వచ్చాక పక్కన కూర్చుని మజ్జిగ తాగుతూ కబుర్లు చెప్పుకోవచ్చు. కానీ ఆయనకు ఒంటరిగా తిన్నట్టు అనిపించవచ్చు, అత్తమ్మ కూడా ఒక మాట అనవచ్చు. ఆయన కోసం ఆగాలనుకుంటే, ఏడింటికి గుగ్గిళ్లు కడుపునిండా తిని, పదింటికి కూర, పప్పు, నాలుగు ముద్దల అన్నంతో సరిపెట్టండి. ఇది సాధ్యమే, కానీ నిద్ర వెనక్కి పోతుంది. మధ్యేమార్గం కూడా ఉంది. వారంలో రెండు రోజులు ఆయన్ను ఎనిమిదికి ఇంటికి రమ్మనండి, ఆ రెండు రోజులూ అందరూ కలిసి తినండి, మిగతా రోజులు మీరు ముందే తినేయండి. కొట్లో నమ్మకమైన మనిషి ఉంటే ఇది జరిగే పనే. "సాయం చేయండి" అని అడిగితే ఎవరికీ ఏం చేయాలో తెలియదు. "మంగళవారం, శుక్రవారం ఎనిమిదికి రండి, రోజూ పొద్దున డబ్బాలు మీరు సర్దండి" అని అడగండి. ఒక్క పూటకు ఏమైతదన్న ఆయన మాట ఆదివారానికి నిజమే, రోజూ అన్నప్పుడే తప్పు. ఆ తేడా ఆయనతో ఒప్పుకుని మాట్లాడండి.

ఆదివారం కీరా ముక్కలు మానేసి బిర్యానీ తినండి. ఒక పళ్లెం, ముందుగా పెరుగు చట్నీ, ఉల్లిపాయ, బిర్యానీలోని ముక్కలు, తర్వాత అన్నం. రెండోసారి వద్దు, కూల్ డ్రింక్ వద్దు. రాత్రికి కూర, గుడ్డు, మజ్జిగ. బిర్యానీ ఉందని పొద్దున టిఫిన్ మానేస్తే మధ్యాహ్నం రెండింతలు తింటారు, అందుకే మానకండి.

అత్తమ్మతో మాట్లాడాల్సింది వంట మొదలుకాక ముందు. వడ్డించాక పళ్లెం పక్కకు జరిపితే అది ఆమె చేతిని కాదన్నట్టే, ఆ బాధ నిజమైనది. రిపోర్టు ఆమె ముందు పెట్టి ఇలా అడిగి చూడండి: "అత్తమ్మా, నాకు షుగరు వచ్చేట్టుందన్నడు డాక్టరు. ఇప్పుడు ఆపుకుంటే ఆగుతదంట. మీ చిన్నప్పుడు నూనె ఇంత వాడేటోళ్లు కాదు కదా, అప్పటి కూరలు మనింట్ల మళ్ల చేద్దామా? మీరు చెప్పండి, నేను తరిగిస్తా." మునగాకు పప్పు, తోటకూర పులుసు, పెసరట్టు, ఉలవచారు, ఇవన్నీ ఆ తరం చేతిలో ఉన్న వంటలే. అజమాయిషీ ఆమెదిగానే ఉంటుంది, మీకు కావలసిన వంట దొరుకుతుంది. ఉప్పు, పచ్చళ్లు తగ్గితే ఆమె వయసుకూ మేలే. ఒకవేళ ససేమిరా అంటే పంతానికి పోకండి. పళ్లెం మార్పు మీ చేతిలోనే ఉంది, దానితో నడిపించండి, నూనె డబ్బా మాట నెల తర్వాత మళ్లీ ఎత్తండి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మీ షుగరు కాదు, మీ అమ్మాయి. 14 ఏళ్ల పిల్లకు రోజుకు 2400 కిలోకేలరీల దాకా కావాలి, అంటే మీకంటే ఎక్కువ. ఎముక గట్టిపడే వయసు, రక్తం తగ్గే వయసు. ఈ రోజు నుంచి ఇంట్లో "లావు", "బరువు", "డైటింగ్" మాటలు ఆపేయండి, మీ గురించి కూడా అనుకోకండి. తూకం మిషను మీ గదిలోకి మార్చండి. "నాకు రక్తంలో చక్కెర ఎక్కువ, అందుకే అన్నం తగ్గించాను. నువ్వు ఎదిగే పిల్లవి, నీకు తగ్గించాల్సిన పని లేదు" అని ఒక్కసారి స్పష్టంగా చెప్పి వదిలేయండి. బతిమాలడం, తిట్టడం వద్దు. మీరు అందరితో కూర్చుని అదే కూర, అదే అన్నం తినడమే ఆ పిల్లకు అసలైన జవాబు. రెండు మూడు వారాల్లో మళ్లీ మామూలుగా తినకపోయినా, నెలసరి ఆగినా, తిన్న వెంటనే బాత్రూంలో ఎక్కువసేపు ఉంటున్నా, ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టరుకు చూపించండి.

వ్యాయామానికి మీరు తెల్లవారుజామున లేవక్కర్లేదు. ఒకే వంట కాబట్టి అయిదున్నరకు లేవండి, పదిన్నరకు పడుకోండి. ఏడు గంటల నిద్ర దక్కుతుంది. పెద్దలకు వారానికి 150 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, రెండు రోజులు కండరాలకు పని ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అదంతా ఒకేసారి చేయాలన్న నియమం లేదు. మధ్యాహ్నం తిన్నాక ఆఫీసులో 10 నిమిషాలు, రాత్రి తిన్నాక 15 నిమిషాలు, వారానికి ఆరు రోజులు నడిస్తే సరిగ్గా 150. తిన్న అరగంటలోపు మొదలుపెడితే తిన్న చక్కెరను కండరాలు అక్కడికక్కడ వాడుకుంటాయి, మీకు కావాల్సింది అదే. మాట్లాడగలిగి, పాట పాడలేనంత వేగం చాలు. ఎండాకాలంలో మధ్యాహ్నం బయటికి వెళ్లకుండా ఆఫీసు వరండాలో నడవండి. రాత్రి పిల్లల్ని, కుదిరితే అత్తమ్మనూ వెంట తీసుకెళ్లండి. ఆదివారం సాయంత్రం లకారం చెరువు కట్ట మీద అందరూ కలిసి నడవవచ్చు.

ఇంటిపనే వ్యాయామం అని ఎవరైనా అంటే, సగమే నిజం. తడిగుడ్డ పెట్టడం, బట్టలు ఉతకడం కొంత లెక్కలోకి వస్తాయి. పొయ్యి ముందు గంటన్నర నిలబడటం కాళ్ల నొప్పికే తప్ప కండరానికి పనికిరాదు. అందుకని వారానికి రెండు రోజులు 20 నిమిషాలు ఇంట్లోనే ఇవి చేయండి: కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం 10 సార్లు, గోడకు చేతులు ఆనించి దండాలు 10, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము ఎత్తడం 12, రెండు లీటర్ల నీళ్ల సీసా పట్టుకుని, కాస్త ముందుకు వంగి, మోచేయి వెనక్కి లాగడం ఒక్కో చేతికి 12. ఈ వరుస మూడుసార్లు. ఊపిరి బిగబట్టకండి. లేచేటప్పుడు మోకాలు నొప్పిస్తే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచండి, మడమలు నేలకు ఆనుకున్నాయో లేదో చూసుకోండి. రెండు వారాలకు తేలికనిపిస్తే రెండేసి సార్లు పెంచండి. జిమ్ముకు కట్టిన మిగతా రోజుల్ని తర్వాతికి జరుపుతారేమో అడగండి. రాత్రి వంట వారానికి మూడు రోజులు వేరే ఎవరైనా చూసుకునే ఏర్పాటు అయ్యాక, సాయంత్రం వేళల్లో మళ్లీ వెళ్లవచ్చు. అంతవరకు ఆ డబ్బు గురించి బాధపడుతూ నిద్ర చెడగొట్టుకోకండి.

బరువు వారానికి ఒకసారి, ఒకే రోజు పొద్దున చూసుకోండి. నడుము నెలకోసారి కొలవండి. మన ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదంటారు, మీకు మూడు నెలల్లో మూడు నాలుగు తగ్గినా మంచి సూచనే. ఆరు నెలల్లో మూడున్నర కిలోలు తగ్గితే చాలు, అయిదు తగ్గితే ఇంకా మంచిది. హెచ్‌బీఏ1సీ మూడు నెలల లోపు చేయించకండి, ఎర్రకణాలు బతికే కాలం దాదాపు అంతే కాబట్టి ముందే చేయిస్తే మార్పు పూర్తిగా కనిపించదు. దానితో పాటు హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలూ అడగండి. ఇనుము లోపంతో రక్తం తగ్గి ఉంటే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. ఆ అనుమానం ఉంటే 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటలకు చేసే పరీక్షతో తేల్చుకోవచ్చు. అందులో 140 నుంచి 199 మధ్య వస్తే ముందు దశే, 200, ఆపైన అయితే షుగరు. ఈలోపు దాహం బాగా పెరిగినా, రాత్రిళ్లు మాటిమాటికీ మూత్రానికి లేవాల్సి వచ్చినా, కారణం లేకుండా బరువు పడిపోయినా మూడు నెలలు ఆగవద్దు.

ఇవన్నీ చేశాక కూడా అంకె 6.1 దగ్గరే నిలిచిపోతే, లేదా పెరిగితే, మీరు తప్పు చేశారని కాదు. కాన్పు షుగరు వచ్చిన కొందరికి ఈ దశలోనే మందు అవసరమవుతుంది. అది డాక్టరు నిర్ణయించాల్సిన విషయం, పక్కింటివాళ్లు వాడే బిళ్ల తెచ్చుకుని మింగకండి. వెళ్లేటప్పుడు రెండు రిపోర్టులు, మూడు నెలల బరువు, నడుము కొలతలు, ఒక మామూలు రోజు మీరు తిన్నవీ వేళలూ రాసిన కాగితం తీసుకెళ్లండి.